ఓడిన కోచ్... ఆయన శిష్యులు

కాలేజీలో ఆయన తెలియని పిల్లలుండరు. ప్రిన్సిపాల్ పేరు మర్చిపోయినవాళ్లకి కూడా ఆయన పేరు ఇరవై ఏళ్ల తరవాత గుర్తుంటుంది. కానీ వార్షికోత్సవం నాడు తీసే గ్రూప్ ఫొటోలో మాత్రం ఆయన ఎక్కడో చివర, నిలబడ్డ వరసలో కనిపిస్తారు. మెడలో విజిల్ తాడు, కాళ్లకు కాన్వాస్ బూట్లు... ఆయనే పీడీ సార్. పూర్తిగా చెప్పాలంటే ఫిజికల్ డైరెక్టర్.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతంలో కాలేజీ బాస్కెట్‌బాల్‌కు కోచ్ అంటూ విడిగా ఎవరూ ఉండరు. ఉన్నది పీడీ సార్ ఒక్కరే. కబడ్డీకీ ఆయనే, ఖోఖోకీ ఆయనే, వాలీబాల్‌కీ ఆయనే. పంద్రాగస్టు పరేడ్ ఆయనదే. గేటు దగ్గర గొడవైతే పిలిచేదీ ఆయన్నే. పరీక్షలొస్తే ఇన్విజిలేషన్, ఎన్నికలొస్తే డ్యూటీ, అడ్మిషన్లప్పుడు క్యూలు సర్దడం... ఇవన్నీ అయ్యాక, పొద్దు వాలేవేళ మిగిలిన గంటన్నరలో ఆయన కోచ్ అవుతారు.

ఆ గంటన్నర ఉద్యోగంలో ఓ విచిత్రం ఉంది. లెక్చరర్‌కి ఏటా అదే పాఠం, కొత్త పిల్లలు. పీడీ సార్‌కీ కొత్త పిల్లలే. కానీ ఆయన పాఠం పూర్తవడానికి మూడేళ్లు పడుతుంది. మొదటి ఏడు బంతిని నేలకేసి కొడుతూ తలెత్తి పరిగెత్తడం నేర్పాలి. రెండో ఏడు పక్కవాడు ఎక్కడున్నాడో చూడకుండానే తెలుసుకోవడం నేర్పాలి. మూడో ఏడుకి ఐదుగురూ ఒక జట్టవుతారు. హమ్మయ్య, కుదిరింది అనుకునేలోపు ఫైనలియర్ పరీక్షలు, హాల్‌టికెట్లు, టీసీలు! జూన్‌లో గ్రౌండ్‌కి వచ్చి చూస్తే మళ్లీ బంతి పట్టుకోవడం రాని పిల్లలు. ముప్పై ఏళ్ల సర్వీసంటే ఇలా పది జట్లు కట్టి పది జట్లను సాగనంపడమే.

మన దగ్గర బాస్కెట్‌బాల్‌కి ఇంకో చిక్కుంది. రెండు కర్రలు పాతి నెట్టు కడితే వాలీబాల్ ఆట మొదలైపోతుంది. కబడ్డీకైతే గీత గీస్తే చాలు. బాస్కెట్‌బాల్ అలా కాదు. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కోర్టు కావాలి. ఆ కోర్టు గట్టిగా, చదునుగా ఉండాలి. మొరం నేల మీద బంతి ఒకసారి మోకాలి దాకా లేస్తే, ఇంకోసారి గులకరాయికి తగిలి పక్కకి పోతుంది. ఇక ఆదిలాబాద్ వైపు నల్లరేగడి సంగతి చెప్పేదేముంది? ఒక్క వాన పడితే బంతి లేవడం మాట అటుంచి, బూటే లేవదు. అందుకే ఈ ఆట ముందుగా సిమెంటు గచ్చు వేయగలిగినచోట కుదురుకుంది. సింగరేణి గనుల ఊళ్లు, రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్, క్రీడా పాఠశాలలు... కాలేజీల్లో అయితే పీడీ సార్ తిరిగి, అడిగి, వెల్డింగ్ షాపులో ఇనుప పైపు అతికించి, దానికి చెక్కబోర్డు బిగిస్తేనే కోర్టు. ఆ రింగు ఒంగిపోయిందంటే మళ్లీ ఆ షాపుకే పరుగు.

తరవాత ప్రయాణాలు. 1976లో వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాక ఈ రెండు జిల్లాల కాలేజీలూ దాని కిందికి చేరాయి. ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో మెరిసినవాళ్లనే యూనివర్సిటీ జట్టుకి తీసుకుంటారు. అక్కణ్నుంచి సౌత్‌జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి. 2008లో శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక కరీంనగర్ పిల్లలకి దూరం తగ్గింది. ఆదిలాబాద్ వాళ్లకి మాత్రం వరంగల్ అంటే నేటికీ రెండొందల కిలోమీటర్లకు పైమాటే. తెల్లవారుజామున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరతారు. అలసిన కాళ్లతోనే కోర్టులో దిగుతారు. మొదటి మ్యాచ్‌లో ఓడితే రాత్రి బస్సుకే వెనక్కి. కాలేజీలో మర్నాడు అందరూ అడిగేది ఒక్కటే ప్రశ్న, ‘గెలిచిన్రా సార్?’

ఇలా అడిగించుకున్న తొలితరం కాలేజీ కోచ్‌లలో ఒకరు ఎవరో తెలుసా? అసలు ఆ ఆటను కనిపెట్టినాయనే!

జేమ్స్ నెయిస్మిత్ కెనడాలో పుట్టాడు. తొమ్మిదేళ్లకే తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నాడు. చదువుకుని, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ కళాశాలలో వ్యాయామం నేర్పే మాస్టారయ్యాడు. 1891 చలికాలం. బయట మంచు. లోపల కసరత్తులంటే విసుగెత్తిన కుర్రాళ్లు. అంతకుముందు ఇద్దరు మాస్టార్లు వాళ్లతో వేగలేక చేతులెత్తేశారు. ‘రెండు వారాల్లో లోపల ఆడుకునే ఆటేదైనా తయారుచెయ్యి’ అని పై అధికారి పురమాయించాడు. నెయిస్మిత్ ఫుట్‌బాల్‌ను గదిలో ఆడించి చూశాడు, కిటికీలు మిగిలేట్టు లేవు. ఇంకోటి ప్రయత్నిస్తే దెబ్బలు. చివరికి బంతిని పట్టుకుని పరిగెత్తకూడదన్నాడు. గోలు తలకన్నా ఎత్తులో ఉండాలన్నాడు. చెక్కపెట్టెలు ఉంటే తెమ్మని కాలేజీ నౌకరును అడిగితే, అతను పీచ్ పళ్ల బుట్టలు రెండు పట్టుకొచ్చాడు. వాటిని బాల్కనీ అంచుకు మేకులతో కొట్టారు. ఆ అంచు నేలకు 10 అడుగుల ఎత్తున ఉంది. మన కాలేజీ రింగు ఎత్తు కూడా నేటికీ అదే 10 అడుగులు!

కాగితం మీద 13 నియమాలు టైపు చేయించి గోడకు అంటించాడు. 18 మంది విద్యార్థుల్ని రెండు జట్లు చేశాడు. ఆ మొదటి ఆటలో పడింది ఒకే ఒక్క గోలు. బుట్టకి అడుగు ఉండటంతో బంతి తియ్యడానికి నిచ్చెన ఎక్కాల్సి వచ్చేది. (మన దగ్గర బంతి పక్క కాంపౌండ్‌లో పడితే గోడెక్కే పిల్లాడు గుర్తొస్తున్నాడు కదూ!)

1898లో నెయిస్మిత్ కాన్సస్ యూనివర్సిటీకి వ్యాయామ విద్య నేర్పడానికి వెళ్లాడు. బాస్కెట్‌బాల్ జట్టునీ చూసుకున్నాడు. తొమ్మిది సీజన్లలో 55 గెలుపులు, 60 ఓటములు. ఆ యూనివర్సిటీ చరిత్రలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువున్న బాస్కెట్‌బాల్ కోచ్ ఇప్పటికీ ఆయనొక్కడే! చాలా మ్యాచ్‌లకు ఆయన కోచ్‌గా కాదు, రిఫరీగా నిలబడేవాడు. అది ఆడుకోవాల్సిన ఆటే తప్ప కోచింగ్ ఇవ్వాల్సింది కాదన్నది ఆయన అభిప్రాయం. ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్ మాత్రం ఆ మాట వినలేదు. ఆ తరవాత కాన్సస్‌కే కోచ్‌గా వచ్చి 590 మ్యాచ్‌లు గెలిపించాడు. అక్కడి స్టేడియానికి అలెన్ పేరు పెట్టారు. లోపలి కోర్టుకి గురువు పేరు పెట్టారు. ఈ రోజు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం అందరికంటే ఎక్కువ తీసుకునేది గవర్నరు కాదు, యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో. మన పీడీ సార్లు అలెన్ దారిలో కాకుండా నెయిస్మిత్ దారిలో మిగిలిపోయారన్నమాట, పేరులోనూ జీతంలోనూ!

నెయిస్మిత్‌కి 1936లో ఓ సంతోషం దక్కింది. బెర్లిన్ ఒలింపిక్స్‌లో తొలిసారి పతకాల కోసం బాస్కెట్‌బాల్ ఆడించారు. ఆ ప్రయాణానికి డబ్బు కోచ్‌లూ అభిమానులూ చందాలేసుకుని పోగుచేశారు. ఫైనల్ ఆగస్టు 14న, ఆరుబయట, మట్టి కోర్టు మీద. జోరున వాన! బురదలో బంతి లేవదు. అమెరికా 19, కెనడా 8... రెండు జట్లూ కలిపి చేసిన పాయింట్లు అంతే. అదే వానకి అదే రోజు జరగాల్సిన హాకీ ఫైనల్ మర్నాటికి వాయిదా పడింది. ఆ మర్నాడే ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో ఓడించింది. నల్లరేగడిలో బాస్కెట్‌బాల్ ఆడి బూట్లు పోగొట్టుకున్న పిల్లలకి ఆ ఒలింపిక్ ఫైనల్ కథ చెబితే కాస్త ఊరట!

సరే, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదలైన ఆట మన గోదావరి ఒడ్డు దాకా ఎలా వచ్చింది? మళ్లీ ఒక మాస్టారి చెయ్యి పట్టుకునే. నెయిస్మిత్ పనిచేసిన కళాశాలలోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ అనే అమెరికన్, 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా పాఠశాల మొదలుపెట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కి భారత జట్టును వెంటబెట్టుకెళ్లిన వ్యక్తి ఆయనే. దక్షిణాదిలో బడుల్లో, కాలేజీల్లో డ్రిల్లు మాస్టారు అనే మనిషి ఆటల మాస్టారుగా మారింది అక్కడి నుంచే. మద్రాసులో నేర్చుకున్నవాళ్లు ఊరూరా వెళ్లి నేర్పారు. తరవాత హైదరాబాద్ దోమల్‌గూడలోని ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల, పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ... కరీంనగర్ పీడీ సార్ బీరువాలో ఉన్న సర్టిఫికెట్టు వెనక్కి వెనక్కి వెళితే ఆ పీచ్ పళ్ల బుట్ట దగ్గరే తేలుతుంది.

నెయిస్మిత్ దగ్గరికి చివరి రోజుల్లో ఇంకో శిష్యుడొచ్చాడు. కాలేజీ కోచ్ ఉద్యోగమంటే ఏమిటో చూడాలంటే ఆ శిష్యుడి కథే చూడాలి.

పేరు జాన్ మెక్‌లెండన్. 1915లో కాన్సస్ రాష్ట్రంలోనే పుట్టిన నల్లజాతి కుర్రాడు. చిన్నప్పుడే బాస్కెట్‌బాల్ కోచ్ అవ్వాలనుకున్నాడు. 1933లో కాన్సస్ యూనివర్సిటీలో వ్యాయామ విద్యలో చేరాడు. ఆ కోర్సులో చేరిన తొలి నల్లజాతి విద్యార్థి అతనే. ఆట కనిపెట్టిన మనిషే అక్కడున్నాడు, గొప్ప జట్టుంది, గొప్ప కోచ్ ఉన్నాడు. కానీ ఆ జట్టులో మెక్‌లెండన్‌కి చోటు లేదు. ఆట రాక కాదు, నల్లవాళ్లను ఆడనివ్వరు కనక. బాస్కెట్‌బాల్ పుట్టిల్లులాంటి చోట మూడేళ్లు చదివి, ఆ జట్టు తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే బయటికొచ్చాడు.

ఆ రోజుల్లోదే ఈత కొలను గొడవ. వ్యాయామ విద్య పట్టా కావాలంటే ఈత రావాలి. యూనివర్సిటీ కొలనులోకి నల్లవాళ్లు దిగకూడదు. మెక్‌లెండన్ దిగాడు. అతను బయటికి రాగానే కొలనులో నీళ్లన్నీ తోడేశారు! మన ఊళ్లలో పెద్దవాళ్లకి ఈ ముక్క విడమర్చి చెప్పక్కర్లేదు. ఏ బావి దగ్గర ఎవరు ఎంత దూరంలో నిలబడాలో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. నెయిస్మిత్ శిష్యుడి పక్షాన నిలబడ్డాడు. గొడవ సాగి సాగి, చివరికి కొలను అందరిదీ అయింది.

1936లో పట్టా పుచ్చుకుని, ఆ తరవాత అయోవాలో పీజీ కూడా పూర్తిచేసి, మెక్‌లెండన్ దక్షిణాన నార్త్ కరోలినాలోని డర్హామ్‌కి వెళ్లాడు. అక్కడ నల్లజాతి విద్యార్థుల కాలేజీలో మొదట సహాయకుడు, 1940 నుంచి ప్రధాన కోచ్. అప్పట్లో బాస్కెట్‌బాల్ నిదానమైన ఆట. బంతి చేతికొస్తే అందరూ తీరిగ్గా అటు వెళ్లి, చోటు చూసుకుని వేసేవాళ్లు. మెక్‌లెండన్ దాన్ని పరుగుల ఆటగా మార్చేశాడు. బంతి దొరికిందా, అవతలివాళ్లు సర్దుకునేలోపే రింగు దగ్గర ఉండాలి. బంతి పోయిందా, కోర్టు ఈ చివరి నుంచే వాళ్లని అడ్డుకోవాలి. ఇప్పుడు మన పీడీ సార్లు ‘ఫాస్ట్‌బ్రేక్... ఫాస్ట్‌బ్రేక్’ అని గొంతు చించుకుని అరిచేది దాన్నే. దానిమీద ఆయన 1965లో పుస్తకం కూడా రాశాడు.

ఇక 1944 మార్చి 12. ఆదివారం పొద్దున. అదే ఊళ్లో డ్యూక్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో తెల్లవాళ్ల జట్టు ఒకటుంది. ఊరంతటికీ తామే మేటి అని వాళ్ల నమ్మకం. ‘మాతో ఆడతారా?’ అన్న మాట వచ్చింది. ఆడితే నేరం. ఆ రాష్ట్రంలో తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఒకే కోర్టులో దిగకూడదు. పట్టుబడితే ఉద్యోగం పోవడం చిన్న మాట, ప్రాణాలే పోవచ్చు. మెక్‌లెండన్ సరేనన్నాడు. ఊరు ఊరంతా, పోలీసులతో సహా, చర్చిలో ఉండే వేళ చూసి ముహూర్తం పెట్టాడు. వైద్య విద్యార్థులు అడిగి తెచ్చుకున్న కార్లలో దారి మార్చి మార్చి వచ్చారు. లోపలికి రాగానే తలుపులకి తాళాలు. ప్రేక్షకులు లేరు. కిటికీలకు ఎగబాకి చూసిన కొద్దిమంది విద్యార్థులు తప్ప.

మొదట్లో రెండు జట్లకీ చేతులాడలేదు. పాసులు తప్పాయి. ఒకరినొకరు తాకాలంటేనే భయం మరి! కాసేపటికి మెక్‌లెండన్ పిల్లలు పరుగందుకున్నారు. ఆట ముగిసేసరికి 88-44. అసలు ముచ్చట ఆ తరవాత జరిగింది. కాస్త సేద తీరి, ఈ జట్టులోవాళ్లు కొందరు, ఆ జట్టులోవాళ్లు కొందరు కలిసిపోయి ఇంకో ఆట ఆడారు! ఆ సంగతి తెలిసిన ఒక నల్లజాతి విలేఖరి కూడా ఒక్క అక్షరం రాయలేదు, రాస్తే ఏమవుతుందో తెలిసి. యాభై ఏళ్లు దాటాక, 1996లో ఓ చరిత్రకారుడు రాస్తేగానీ లోకానికి తెలియలేదు. ఏ స్కోరు పుస్తకంలోనూ లేని విజయం అది.

తరవాతి సంగతులు గబగబా చెప్పుకోవచ్చు. టెనెసీ ఎ అండ్ ఐ కాలేజీ జట్టుతో 1957, 58, 59... వరసగా మూడేళ్లు ఎన్ఏఐఏ జాతీయ టైటిల్. అలా మూడుసార్లు వరసగా గెలిచిన తొలి కాలేజీ కోచ్ ఆయన. 1966లో క్లీవ్‌లాండ్ స్టేట్‌లో చేరి, తెల్లవాళ్లు ఎక్కువగా చదివే యూనివర్సిటీకి ప్రధాన కోచ్ అయిన తొలి నల్లజాతీయుడయ్యాడు. 1979లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. అయితే కోచ్‌గా కాదు, ఆటకి సేవ చేసినవాడిగా! ‘కోచ్’ అన్న హోదాలో మళ్లీ చేర్చింది 2016లో. ఆయన చనిపోయింది 1999లో.

మెక్‌లెండన్ కాలంనాటి తాళాలు మన కాలేజీ గేట్లకు లేవు. చట్టం ఎవర్నీ ఆడొద్దని అనదు. కానీ సాయంత్రం నాలుగున్నరకి ఏ పీడీ సార్ పక్కన నిలబడి చూసినా వేరే తాళాలు కనిపిస్తాయి. ఐదింటి బస్సు పోతే ఊరికి ఇంకో బస్సు లేని పిల్లాడు. సంచిలో పుస్తకాలే తప్ప బూట్లు లేని పిల్లాడు. ఆరు దాటితే హాస్టల్ గేటు మూసేస్తారని పరిగెత్తే అమ్మాయి. ‘ఆటలాడితే నౌకరి వస్తదా సార్?’ అని నిలదీసే తండ్రి. స్పోర్ట్స్ కోటా గురించి చెబితే ఆ తండ్రి తల ఊపుతాడు. మర్నాటి నుంచి పిల్లాణ్ని పంపడు. అతన్ని తప్పుపట్టడం తేలిక. పత్తి చేనులో అప్పు ఉన్న మనిషి, బొగ్గుబాయిలో నైట్‌షిఫ్ట్ చేసే మనిషి బిడ్డ చదువు మీదే ఆశ పెట్టుకుంటాడు కదా!

అమ్మాయిల జట్టు కట్టడమైతే పీడీ సార్‌కి రెండింతల పని. ట్రాక్‌ప్యాంట్‌తో ఆడతారా, నిక్కరుతో ఆడతారా అన్న దగ్గరే తల్లులతో పంచాయితీ. వరంగల్ పోటీలకంటే రాత్రి బస ఎక్కడ, తోడు ఏ మేడమ్ వస్తారు, తిరిగొచ్చేసరికి ఎన్నవుతుంది... ఇంటింటికీ వెళ్లి జవాబు చెప్పాలి. పదిమంది పేర్లు రాసుకుంటే బస్సెక్కేది ఏడుగురు. ఆ ఏడుగురిలో ఒకరికి జ్వరమొస్తే రిజర్వులో మిగిలేది ఒక్కరే.

దీనికితోడు గ్రౌండే లేని కాలేజీలు. నాలుగంతస్తుల భవనం, కింద హోటలో బ్యాంకో, పైన ఇంటర్మీడియెట్! పిల్లలకు ఆకాశం కనిపించేది మెట్ల దగ్గర కిటికీలోంచే. అక్కడ పీడీ పోస్టు ఊసే ఉండదు. అలాంటిచోట రెండేళ్లు చదివి డిగ్రీకొచ్చిన పిల్లాడికి పద్దెనిమిదేళ్లకి బంతి పట్టుకోవడం నేర్పాలి. మిగిలిన దిక్కు గురుకులాలూ ఆశ్రమ పాఠశాలలూ. కరీంనగర్ జిల్లా బిడ్డ పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం పద్ధతిలో, సాయంత్రం ఆటల గంట కూడా చదువులో భాగమే. అక్కడి పిల్లలకి చివరి బస్సు భయం లేదు. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు ఆశ్రమ పాఠశాలల్లో గోండు, కొలాం పిల్లల కాళ్లల్లోని పరుగు చూసిన పీడీ సార్లెవరూ దాన్ని మర్చిపోరు. కాలేజీకి వచ్చేదాకా ఆ పరుగు నిలిచేట్టు చూడటమే కష్టం. పదో తరగతి తరవాత వాళ్లలో ఎందరు ఇంటర్‌లో చేరతారు, చేరినవాళ్లలో ఎందరు గ్రౌండున్న కాలేజీలో పడతారు!

మరి ముప్పై ఏళ్ల సర్వీసు అయ్యాక పీడీ సార్‌కి మిగిలేదేమిటి? గదిలో రంగు వెలిసిన షీల్డులు కొన్ని. అవి కాలేజీవే, ఇంటికి తీసుకెళ్లడానికి లేదు. మిగిలేది పిల్లలు. ఆయన జట్టులో ఆడినవాళ్లలో పోలీసులైనవాళ్లుంటారు, సింగరేణిలో చేరినవాళ్లుంటారు, దుబాయ్ వెళ్లినవాళ్లుంటారు. కొందరు మాత్రం బీపీఎడ్ చేసి పీఈటీలవుతారు. ఏ మండలం బడిలోనో విజిల్ మెడలో వేసుకుంటారు. మండల పోటీలకి పిల్లల్ని వెంటేసుకుని వస్తారు.

ఆ పోటీలకి రిటైరైన సార్‌ని ఎవరో ఒకరు పిలుస్తారు, కుర్చీ వేస్తారు. ఆట మొదలయ్యాక రెండు వైపుల బెంచీల నుంచీ ‘ఉరుకు బిడ్డా... ఉరుకు!’ అన్న కేక ఒక్కలాగే వినిపిస్తుంది. రెండూ ఆయన పిల్లల గొంతులే. ఎవరు గెలవాలని కోరుకోవాలో తెలియక, ఆయన స్కోరు బోర్డు వైపు చూడటం మానేసి పిల్లల కాళ్ల వైపు చూస్తూ కూర్చుంటారు.